ఫోటో ముందు పెట్టిన కాఫీ

నన్ను జపాన్ పంపిస్తామన్నారు, తీరా పంపింది టెక్సస్‌కి.

ఎనభైల మొదట్లో మాట ఇది. అమెరికాలో పుట్టిన మార్మన్ అనే క్రైస్తవ సంఘంలో ఆడపిల్లలు ఇరవయ్యొకటి నిండాక ఏడాదిన్నరపాటు మిషనరీలుగా వెళ్ళొచ్చు. ఎక్కడికన్నది మన ఇష్టం కాదు, పైనుంచి చెప్తారు. నాకు జపాన్ అని వచ్చింది. యూటాలో ఒక ట్రైనింగ్ సెంటర్లో పెట్టి రెండు నెలలు పొద్దస్తమానం జపనీస్ నూరిపోశారు. నాతోపాటు నేర్చుకున్న తెల్లపిల్లలందరూ సూట్‌కేసులు సర్దుకుని విమానం ఎక్కేశారు. నాది ఇండియన్ పాస్‌పోర్టు, వీసా రాలేదు. వచ్చేదాకా ఖాళీగా కూర్చోబెట్టడం ఎందుకని నన్ను టెక్సస్‌లో ఆర్మీ బేస్ పక్కనున్న ఒక ఊరికి తోలేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్ సోల్జర్లను పెళ్ళి చేసుకుని వచ్చిన జపాన్ ఆడవాళ్ళు ఆ ఊళ్ళో కొందరున్నారు, వాళ్ళతో మాట్లాడటానికి పనికొస్తానని లెక్క.

అబ్బ, ఏం ఎండలవి! గుంటూరులో పుట్టినదాన్ని, ఎండ నాకు కొత్తా? కానీ గుంటూరులో మిట్టమధ్యాహ్నం మోకాళ్ళ కిందిదాకా స్కర్టు, కాళ్ళకి నైలాన్ మేజోళ్ళు వేసుకుని ఎవరూ ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టరు. అసలు ఆ ఊళ్ళో నడిచేవాళ్ళే లేరు. కార్లవాళ్ళు మమ్మల్ని చూసి, పాపం బండి చెడిపోయిందేమోనని ఆపేవాళ్ళు. టైర్ల షాపులు, తాకట్టు షాపులు, రేకుల ట్రెయిలర్ ఇళ్ళు, ప్రతి ట్రెయిలర్ ముందూ గొలుసు తెంపుకునే కుక్క. పొద్దున్నే లేచి లేఖనాలు చదివి, ప్రార్థన చేసి, బ్రెడ్డుకి పీనట్ బటర్ రాసుకుని తిని బయల్దేరితే సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోయేవి. గుండెల మీద నల్లటి పేరుపలక ఒకటి. జపాన్ కోసం చేయించింది కదా, నా పేరు జపనీస్ అక్షరాల్లో ఉండేది. ఆ ఊళ్ళో ఒక్కరికీ చదవడం రాదు. దాన్ని ఎందుకు పెట్టుకుని తిరుగుతున్నానో నాకే తెలియదు.

తలుపు తీసినవాళ్ళు ముందు నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు. మెక్సికన్‌వా? లేకపోతే ఏ తెగ ఇండియన్‌వి? అసలు ఇండియా అని తెలిశాక కొందరు ముసలమ్మలకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. "యేసుప్రభువు గురించి ఎప్పుడైనా విన్నావా తల్లీ?" అని చెయ్యి పట్టుకునేవాళ్ళు. మా ముత్తాత కాలం నుంచీ మిషన్ చర్చిలో ముందు వరస మాది! ఒళ్ళు మండేది. "విన్నానండీ," అని నవ్వేదాన్ని. మార్మన్లు క్రైస్తవులే కాదని వాళ్ళ లెక్క, మార్మన్లమని చెప్పగానే అదే చేత్తో తలుపు వేసేసేవాళ్ళు.

గుంటూరు మిషన్ చర్చి పిల్లవి, మార్మన్‌వి ఎలా అయ్యావే అని ఇప్పటికీ అడుగుతారు. మా నాన్న కోసం అయ్యాను. నాన్నకి యూటాలో ఒక యూనివర్సిటీలో మట్టి పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. నాకు పదహారేళ్ళప్పుడు గుండెపోటుతో పోయాడు. ఇరుగుపొరుగు మార్మన్లు మమ్మల్ని నెలరోజులు పొయ్యి వెలిగించనివ్వలేదు, పూటకొకరు వండి తెచ్చారు. అలా వచ్చిన వాళ్ళలో ఒకావిడ చెప్పింది, చావుతో కుటుంబాలు తెగిపోవని. వాళ్ళ దేవాలయంలో ముడి వేస్తే భార్యాభర్తలూ పిల్లలూ అవతల కూడా ఎప్పటికీ కలిసే ఉంటారట. పోయినవాళ్ళ పేరు మీద బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చట. మిగతా సిద్ధాంతం ఏదైతే నాకేంటి? నాకు మా నాన్న కావాలి. చేరిపోయాను. కొన్నాళ్ళకి నాన్న పేరు ఇచ్చాను. ముక్కూమొహం తెలియని కుర్రాడెవరో తెల్లబట్టలు వేసుకుని నాన్న తరఫున నీళ్ళలో మునిగి లేచాడు. ఇక నాన్న నాకు దొరికినట్టే అనుకున్నాను.

అమ్మ మాత్రం నిప్పులు కక్కింది. "మీ నాన్నకి నువ్వు బాప్తిస్మం ఇప్పించేదేంటే? ఆయన పుట్టిన మూణ్ణెల్లకే తీసుకున్నాడు. పోయి ప్రభువు దగ్గర హాయిగా ఉన్నాడు. ఆయన్ని ఇప్పుడు ఎక్కడికి ఈడ్చుకెళ్తావు?" అంది. మార్మన్లు టీ, కాఫీ, పొగాకు ముట్టరు. నేను కాఫీ మానేసిన రోజు అమ్మ ఇంకా బాధపడింది. గ్లాసు నా ముందు పెట్టి, "తాగితే పరలోకం గేటు వేసేస్తారా మీవాళ్ళు?" అని నేను వద్దనేదాకా నిలబడింది. నేను మిషన్‌కి వెళ్తున్నప్పుడు ఎయిర్‌పోర్టుకి వచ్చింది గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

మిషనరీలు ఎప్పుడూ జంటగానే ఉండాలి, ఒకరినొకరు కళ్ళ ముందునుంచి పోనివ్వకూడదు. నా జోడీ ఐడహోలో బంగాళాదుంపలు పండించే రైతు కూతురు. ఒకరినొకరు సిస్టర్ అనే పిలుచుకోవాలి. బంగారంలాంటి పిల్లే, కానీ రూల్ అంటే రూల్. ప్రార్థనకి కూర్చుందంటే నా మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా లేచేది కాదు. నాకు ప్రార్థనలో నిద్ర వచ్చేది. నెలలు గడుస్తున్నకొద్దీ నేను చెప్పే మాటలు నాకే అరిగిపోయిన రికార్డులా వినపడేవి. నమ్మకం పోయిందని కాదు. ఓపిక పోయింది. ఓపిక పోయాక నమ్మకం ఎక్కడుందో వెతుక్కునే శక్తి కూడా ఉండదని అప్పుడే తెలిసింది.

అలాంటి రోజుల్లో మా గది వెనక వీధిలో ఆవిడ తలుపు తీసింది. యాభై అయిదు, అరవై మధ్యలో ఉంటుంది. పొట్టిగా, మగవాళ్ళ చొక్కా వేసుకుని, చేతులకి మట్టితో. చూడగానే జపాన్ మనిషని తెలిసిపోయింది. ట్రైనింగ్‌లో బట్టీపట్టిన పలకరింపు గడగడా అప్పజెప్పాను. ఆవిడ నన్నూ నా పేరుపలకనూ మార్చి మార్చి చూసి, గుమ్మం పట్టుకుని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"నా గుమ్మంలో జపనీస్ విని ఎన్నేళ్ళయిందో! అదీ నీ నోట!" అంది. "రా, రా. ఎండలో చచ్చిపోతారు."

నేను అలవాటు చొప్పున ఆంటీ అనేశాను. అది ఆవిడకి నచ్చింది. నా జపనీస్ కుంటుతూ, ఆవిడ ఇంగ్లీషు పరుగెడుతూ మా మాటలు సాగేవి. ఆవిడ భర్త బేస్‌లో ట్రక్కుల మెకానిక్, తెల్లాయన. పెళ్ళాడి తెచ్చుకుని ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళోనే కాపురం చేశాడు. పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. జపాన్‌లో వాళ్ళవాళ్ళు పెళ్ళినాడే తెంచుకున్నారు. వంటింట్లో ఫ్రిజ్ పక్కన చిన్న అలమారు, అందులో యూనిఫాంలో ఆయన ఫోటో, చిన్న ఇత్తడి గంట, చక్కెర గిన్నెలో ఇసుక పోసి గుచ్చిన అగరొత్తి. ఫోటో ముందు టైర్ల షాపువాళ్ళు ఊరికే పంచే కప్పులో కాఫీ.

మా పాఠాలు వరసగా చెప్తూ పోయాం. ఆవిడ మర్యాదకి వింటున్నదని నాకు తెలుస్తూనే ఉంది. ఒకరోజు పాఠం పక్కన పెట్టి మా నాన్న సంగతి చెప్పాను. ఎలా పోయాడు, ఎవరు వచ్చి ఏం చెప్పారు, ఆయన పేరు మీద బాప్తిస్మం ఎలా జరిగింది, అన్నీ. ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది.

"అంటే మీ నాన్న దగ్గరికి నువ్వు వెళ్తావు. ఖాయమా?"

"ఖాయం ఆంటీ."

"నేను ఈయన దగ్గరికి వెళ్ళొచ్చా?"

వెళ్ళొచ్చని చెప్పాను. ముందు మీరు బాప్తిస్మం తీసుకోవాలి, తర్వాత ఆయన పేరు మీద ఇంకొకరు తీసుకుంటారు, ఏడాదికి దేవాలయంలో ఇద్దరికీ ముడి వేస్తారు అని. ఆవిడ ఫోటో వంక చూసి, "సరే, ఏం చెయ్యాలో చెప్పండి," అంది. సిగరెట్టు ఆ రోజే మానేసింది. ఆదివారం మా చర్చికి ఆయన కోటు వేసుకుని వచ్చింది. ఈయన దొరుకుతాడంటే ఏదైనా చేస్తుంది ఆవిడ, నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చేశాను.

చిక్కంతా కాఫీ దగ్గర వచ్చింది. రోజూ పొద్దున్నే రెండు చెంచాల చక్కెర వేసి ఆయనకి కాఫీ పెడుతుంది. గంట మోగిస్తుంది. కాసేపయ్యాక దించి తను తాగుతుంది. అదే ఆవిడకి రోజులో ఒక్క కాఫీ. తాగకూడదని మేం చెప్తే, సరే తాగను అంది. పెట్టడం మాత్రం మానదట. పెట్టింది పారబోయదట.

"ఆయనకి పెట్టింది సింకులో పోస్తానా? ఆయన మొహం మీద పోసినట్టు కాదూ?"

బయటికి రాగానే నా జోడీ, "సిస్టర్, ఇది విగ్రహారాధన కాదా?" అంది గాభరాగా. నాకు నవ్వొచ్చింది. మా నానమ్మ ఏటా సమాధుల పండగకి తాతయ్య సమాధి కడిగించి, సున్నం వేయించి, పూలూ కొవ్వొత్తులూ పెట్టి, చివర్లో ఒక చుట్ట వెలిగించి రాతిమీద పెట్టేది. పాస్టర్‌గారు చూడనట్టు అటు తిరిగేవారు. కాస్త కాలాక ఆర్పి కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చి, మిగతాది అరుగు మీద కూర్చుని తను కాల్చేది. దాన్ని పూజ అని ఎవరంటారు? మొగుడూ పెళ్ళాల మధ్య వ్యవహారం అది. ఐడహో పిల్లకి ఇది చెప్తే నోరు తెరుచుకుని విన్నది తప్ప ఒప్పుకోలేదు.

మర్నాడు ఆవిడ వంటింట్లో చల్లారిపోయిన కప్పు ముందు పెట్టుకుని కూర్చుంది. తాగితే బాప్తిస్మం లేదు, బాప్తిస్మం లేకపోతే ఆయన లేడు. పారబోస్తే ఆయనకి అవమానం. నా జోడీ వసారాలో టమాటా మొక్కలకి నీళ్ళు పోస్తూ, జాలీ తలుపులోంచి మాకు కనపడుతూ ఉంది. నేను కప్పు తీసుకుని గడగడా తాగేశాను. మా ఇళ్ళల్లో అంతే, పెట్టినది ఎవరో ఒకరు తీసుకోవాలి. ఇందులో ఆలోచించడానికేముంది?

ఆరేళ్ళ తర్వాత కాఫీ. ఛీ, ఎంత దరిద్రంగా ఉందో! పాలు లేవు, డికాక్షన్ కాదు, చేదు నీళ్ళలో అడుగున పేరుకున్న చక్కెర. దీనికోసమా నేను ఆజ్ఞ తప్పాను అనుకున్నాను. తప్పని మాత్రం అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. ఆవిడ మొహం తేలికపడింది. అప్పట్నుంచి పొద్దున్నే బయల్దేరేటప్పుడు ఆవిడ ఇంట్లో కాసేపు ఆగేవాళ్ళం. నా జోడీ మొక్కల దగ్గరుండేది. నేను లోపలికెళ్ళి ఆయన కప్పు ఖాళీ చేసి వచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే రోజంతటిలో నాకు అలసట తెలియనిది ఆ కాసేపే.

బాప్తిస్మానికి ముందు ఒక ఇంటర్వ్యూ ఉంటుంది. మా ప్రాంతానికి లీడర్‌గా ఉన్న మిషనరీ వచ్చి ఆవిడతో విడిగా మాట్లాడాడు. అతనికి నాకంటే ఒక ఏడాది తక్కువే. మేం చర్చి గది బయట కూర్చున్నాం. అతను తలుపు తీసి బయటికి వచ్చేసరికి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఆవిడ సిద్ధంగా ఉన్నారు. ఆదివారం పెట్టుకోవచ్చు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కాఫీ మానేశారా అని అడిగాను. మానేశానన్నారు. మరి మీ ఆయనకి పెట్టేది ఏమవుతోందని అడిగితే, సిస్టర్ తాగుతుంది అన్నారు."

అబద్ధం ఆడమని ఆవిడకి ఎవరు చెప్పారు గనక! నా జోడీ వంక చూశాను.

"నాకు తెలుసు. నీ అంతట నువ్వే మానేస్తావని చూశాను," అంది మెల్లగా.

అతను మంచివాడు. ఇక తాగనని మాటిస్తే పైవాళ్ళకి చెప్పనన్నాడు. ఇది ఆవిడకి ఆజ్ఞ అని చెప్పి మనమే మీరితే ఎలా అన్నాడు. అదీ నిజమే. వాదించే ఓపిక నాకు లేదు, సరేనని మాటిచ్చాను. తలెత్తితే ఆవిడ అతని వెనకే తలుపులో నిలబడి ఉంది. అంతా వింది.

శనివారం పొద్దున్నే వెళ్ళాం. నా జోడీ బయటే ఆగింది. ఆవిడ కాఫీ దించి బల్లమీద తన ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు కుర్చీ చూపించింది.

"కాఫీ మీకు అంత పెద్ద తప్పా? నీలాంటి పిల్లని నిలబెట్టి అడిగేంత తప్పా?"

"మా వాళ్ళకి తప్పే ఆంటీ."

"అక్కడ కూడానా? మీరు చెప్పే ఆ చోట?"

ఏమో, పాఠంలో అది లేదు. నాకు తెలియదన్నాను.

"ఆయన పేరు మీద ఎవరో మునుగుతారన్నావు. అంటే ఆయన మీవాడు అయిపోయినట్టేనా?"

"కాదు ఆంటీ. అక్కడ ఆయన్ని అడుగుతారు. ఇష్టమైతే ఒప్పుకోవచ్చు. బలవంతం ఏమీ ఉండదు."

బలవంతం ఉండదన్నది మా నమ్మకంలో నాకు బాగా నచ్చిన సంగతి. దాన్ని ఎప్పుడూ గర్వంగానే చెప్పేదాన్ని, ఆ రోజూ అలాగే చెప్పాను. ఆవిడ ఫోటో వంక చాలాసేపు చూసింది.

"కాదంటాడు," అంది. "ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను ఆయనతో. పెళ్ళికే చర్చి గడప తొక్కనన్నాడు. ఆదివారం అంటే గారేజీ, కాఫీ, రేడియో. తెల్లబట్టల వాళ్ళొచ్చి అడిగితే నవ్వి వెళ్ళిపోతాడు. అప్పుడు నేను అక్కడికెళ్ళి ఒక్కదాన్నే కూర్చోవాలా?"

"అలా అనకండి ఆంటీ. మనసు మారొచ్చు."

"నీకు తెలియదు ఆయన సంగతి." కప్పు ఎత్తి ఒక గుక్క తాగింది. "రేపు నేను రాను. నీకు మాట వస్తుందేమో. ఏమనుకోకు."

నేను ఆవిడకి నచ్చజెప్పాలి. దానికోసమే కదా నన్ను పంపింది. నోరు తెరిచాను. ఈలోగా ఆవిడే అడిగింది, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మీ నాన్నని అడిగారుగా? ఆయన ఏమన్నాడు?"

మనకి తెలియదు, విశ్వాసంతో ఆశించాలి అన్నది జవాబు. జపనీస్‌లో కూడా నోటికి వచ్చు నాకు. అది రాలేదు. మేం యూటా వచ్చిన కొత్తలో పక్కింటివాళ్ళు మమ్మల్ని ఆదివారం భోజనానికి పిలవడం గుర్తొచ్చింది. భోజనం అయ్యాక నాన్న ఎంతో మర్యాదగా, కొంచెం కాఫీ ఇప్పిస్తారా అని అడిగాడు. వాళ్ళు నొచ్చుకుంటూ వేడి చాక్లెట్ పాలు ఇచ్చారు. నాన్న బుద్ధిగా తాగాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అమ్మతో, "ముందు పొయ్యి వెలిగించు. దేవుడిలాంటి మనుషులేగానీ, ఒక్క పూట కంటే వాళ్ళతో ఉండటం నావల్ల కాదు," అన్నాడు. అమ్మ పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ మాట ఇన్నేళ్ళూ నాకు గుర్తే ఉంది. తమాషా మాటగా గుర్తుంది.

ఆవిడ నా జవాబు కోసం చూస్తోంది.

"ఒప్పుకుని ఉండడు ఆంటీ," అన్నాను.

నాన్న పోయినప్పుడు ఏడ్చాను గానీ, మార్మన్‌ని అయ్యాక ఆయన కోసం ఒక్క చుక్క రాల్చలేదు. మళ్ళీ చూస్తాను కదా, ఏడవడం ఎందుకని. ఆ పొద్దున ఆ వంటింటి బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. జాలీ తలుపు అవతల నుంచి నా జోడీ, "సిస్టర్, ఏమైంది?" అని అడుగుతోంది. మా నాన్న చచ్చిపోయాడని చెప్పాను.